నాలుగు గంటల దూరభారం

బోధన్ దగ్గర ఓ పల్లె. తెల్లవారుజామున ఐదింటికి ఇంటి పెద్దాయన కన్నుమూశాడు. బతికినన్నాళ్లూ చెరకు పండించిన మనిషి. ఇద్దరు కూతుళ్లు, ఒక్క కొడుకు. కూతుళ్లలో ఒకరు బాన్సువాడ నుంచి, ఇంకొకరు ధర్మాబాద్ నుంచి ఎనిమిదింటికల్లా వచ్చేశారు. కొడుకు మాత్రం దుబాయ్‌లో ఉన్నాడు.

వాకిట్లో టెంటు వేస్తున్నారు. కుర్చీలు దిగుతున్నాయి. పలకరింపుకు వచ్చిన ప్రతి ఒక్కరూ కూర్చోకముందే అడిగేది ఒకటే మాట.

‘‘పోరడు ఎప్పుడు దిగుతడు?’’

ఎవరో ఫోన్ తీసి చూశారు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు. ప్రయాణం మూడున్నర గంటలు. ‘‘గంతేనా! అయితే పగటికల్లా వస్తడు. పొద్దు గూకకముందే కార్యం అయిపోతది’’ అన్నాడొకాయన. అందరూ తలూపారు. ఇంటర్ చదివే మనవరాలు ఒక్కతే ఓ మూల కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంది. పావుగంట తర్వాత లేచి వచ్చింది.

‘‘పగటికి కాదు తాతా... రాత్రి పన్నెండు అయితది.’’

ఫోన్ చెప్పిందేమో మూడున్నర గంటలు. పిల్ల చెబుతున్నదేమో పంతొమ్మిది గంటలు. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. ఫోన్ చెప్పింది రెండు విమానాశ్రయాల మధ్య దూరం. పిల్ల వేసింది రెండు ఇళ్ల మధ్య దూరం. నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. పెళ్లయినా, చావయినా, పండగయినా అక్కడ ఏదో ఓ ఇంట్లో ఈ లెక్క వేయాల్సిందే. అది తప్పితే పోయేది డబ్బొక్కటే కాదు... కొన్నిసార్లు కడచూపు కూడా!

దారం చెప్పే దారి

ముందు ఆకాశం సంగతి చూద్దాం. విమానాశ్రయాల మధ్య దూరాన్ని ఎవరూ టేపు పట్టి కొలవరు. ఒక్కో విమానాశ్రయానికి అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. గుండ్రటి భూమి మీద ఆ రెండు బిందువులనూ కలిపే అతి దగ్గరి దారి ఎంతో లెక్కగడతారు. పిల్లల గ్లోబు ఇంట్లో ఉంటే ఎవరైనా చేసి చూడొచ్చు. హైదరాబాద్ మీద దారం ఒక కొస పెట్టి, దుబాయ్ మీద రెండో కొస పెట్టి బిగించి లాగితే దారం ఏ దారిన కూర్చుంటుందో అదే దగ్గరి దారి.

గోడ మీది పటంలో ఈ సంగతి కనబడదు. దూరం పెరిగేకొద్దీ పటం మరీ మోసం చేస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికాలోని షికాగోకి గోడపటం మీద గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికాల మీదుగా అట్లాంటిక్ దాటుతుంది. గ్లోబు మీద దారం బిగిస్తే? అది పైకి పోయి ఉత్తర ధ్రువానికి చేరువగా, 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి అవతలి వైపు దిగుతుంది! ఆ లెక్కన దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. అమెరికా నుంచి వచ్చే పిల్లలు ‘కిటికీలోంచి మంచు కనబడింది’ అని చెబితే ఆశ్చర్యపోనక్కర్లేదన్నమాట.

దుబాయ్ అంత దూరం కాదు గనక దారం పెద్దగా వంపు తిరగదు. శంషాబాద్ నుంచి వాయవ్యంగా సాగి అరేబియా సముద్రం దాటుతుంది. దారిలో ఓ చిత్రం ఉంది. హైదరాబాద్ నుంచి ముంబైకి 620 కిలోమీటర్లు. ముంబై నుంచి దుబాయ్‌కి 1,925 కిలోమీటర్లు. కలిపి చూడండి. దాదాపు 2,550 కిలోమీటర్లే! అంటే ముంబై దాదాపు దారిలోనే ఉంది. అక్కడ దిగి ఇంకో విమానం ఎక్కినా దూరం పెద్దగా పెరిగినట్టు లెక్కలో తేలదు. కాలం మాత్రం మూడు గంటలు పెరగొచ్చు, పది గంటలూ పెరగొచ్చు. చవగ్గా వచ్చిందని ‘వయా’ టికెట్ కొనేవాళ్లు చూసుకోవాల్సింది ఈ తేడానే.

గల్ఫ్ అంటే అంతా ఒకే దూరం అనుకుంటారు చాలామంది. కాదు. హైదరాబాద్ నుంచి మస్కట్ సుమారు 2,210 కిలోమీటర్లు. దోహా 2,910. కువైట్ 3,370. రియాద్ 3,390. ఢిల్లీ 1,265 కిలోమీటర్లు కాబట్టి మస్కట్ వెళ్లడమంటే ఢిల్లీ పోయి వచ్చినంత కూడా కాదు! అయినా ఢిల్లీలో కొడుకు ఉన్న ఇల్లు వేరు, మస్కట్‌లో కొడుకు ఉన్న ఇల్లు వేరు. ఆ తేడా కిలోమీటర్లలో దొరకదు.

నిజామాబాద్ వాళ్లకు సంబంధించి ఇంకో చిత్రం. నిజామాబాద్ నుంచి నేరుగా దుబాయ్‌కి దారం లాగితే వచ్చేది సుమారు 2,450 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి 2,550. అంటే విమానం ఎక్కడానికి 200 కిలోమీటర్లు బండిలో పోయేది దుబాయ్‌కి దగ్గర కావడానికి కాదు... ఇంకో వంద కిలోమీటర్లు దూరం జరగడానికి!

గాలి తీసుకునే సుంకం

దూరం పోను, రాను ఒకటే. కాలం మాత్రం ఒకటి కాదు. దుబాయ్‌కి పోయేటప్పుడు టికెట్ లెక్కన నాలుగు గంటలు పడితే, వచ్చేటప్పుడు మూడుంపావు, మూడున్నర గంటల్లో దిగిపోతారు. ‘ఇంటికి వస్తున్నమంటే విమానం కూడా ఉరుకుతది’ అని గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు నవ్వుతుంటారు. అసలు కారణం గాలి.

భూమికి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు తిరిగే చోట, పడమర నుంచి తూర్పుకి ఓ గాలి నది పారుతుంటుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. జపాన్ శాస్త్రవేత్త వసాబురో ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగరేసి ఈ గాలిని కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని తన నివేదికను ఎస్పరాంటో అనే కృత్రిమ భాషలో రాశాడు. ఆ భాష వచ్చినవాళ్లు తక్కువ గనక దాదాపు ఎవరూ చదవలేదు! 1944లో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్లు ఎదురుగాలికి కదల్లేక ఇబ్బంది పడ్డప్పుడు గానీ దాని సత్తా ప్రపంచానికి తెలిసిరాలేదు.

మన వైపు ఈ గాలి చలికాలంలో దక్షిణానికి జరిగి బలంగా వీస్తుంది. ఓ చిన్న లెక్క చూడండి. విమానం వేగం గంటకు 840 కిలోమీటర్లు అనుకుందాం. ఎదురుగాలి వంద కిలోమీటర్లుంటే నేల మీద లెక్కకు వచ్చేది 740. అప్పుడు 2,550 కిలోమీటర్లకు 3 గంటల 27 నిమిషాలు పడుతుంది. అదే గాలి వెనక నుంచి నెడితే వేగం 940. పట్టేది 2 గంటల 43 నిమిషాలు. తేడా ముప్పావు గంట! గాలే లేకపోతే పట్టేది 3 గంటల 2 నిమిషాలు. అంటే పోయేటప్పుడు గాలి 25 నిమిషాలు తీసుకుంటుంది. వచ్చేటప్పుడు 19 నిమిషాలే తిరిగిస్తుంది. గాలి కూడా వడ్డీ పట్టుకునే ఇస్తుందన్నమాట!

దీనికి ఇంకో అరగంట, ముప్పావు గంట కలపాలి. తలుపు మూసింది మొదలు రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, ఎక్కడం, దిగే ముందు వరసలో తిరగడం... అన్నీ టికెట్ కాలంలో భాగమే. అందుకే దూరాన్ని వేగంతో భాగించి ‘మూడు గంటలే కదా’ అనుకుంటే లెక్క తప్పుతుంది.

రెండు గడియారాల తంటా

ఇక టికెట్ మీది గంటలు. ఇవి ఇంకా తికమక. టికెట్ మీద బయల్దేరే టైము బయల్దేరే ఊరిది. దిగే టైము దిగే ఊరిది. మన గడియారం దుబాయ్ కన్నా గంటన్నర ముందుంటుంది. మస్కట్ కన్నా అంతే. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్‌ల కన్నా రెండున్నర గంటలు ముందుంటుంది.

కాబట్టి శంషాబాద్‌లో పొద్దున పదింటికి ఎక్కితే దుబాయ్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు దిగినట్టు టికెట్ చూపిస్తుంది. రెండున్నర గంటలే! నిజానికి పట్టింది నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో రాత్రి పదింటికి ఎక్కితే మూడింటికి దిగినట్టు ఉంటుంది. ఐదు గంటలు! నిజానికి మూడున్నరే. పోయేటప్పుడు గడియారం దాచిపెట్టిన గంటన్నరను వచ్చేటప్పుడు వసూలు చేస్తుంది.

ఈ గంటన్నర ఎవరో ఊరికే నిర్ణయించింది కాదు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. నిజామాబాద్‌కీ దుబాయ్‌కీ మధ్య రేఖాంశాల్లో తేడా దాదాపు 22.7 డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే 91 నిమిషాలు. బోధన్ చెరకు తోటల మీద నడిమధ్యాహ్నం అయిన గంటన్నరకు దుబాయ్‌లో నడిమధ్యాహ్నం అవుతుంది. కొడుకు పనిచేసే చోట ఎండ తల మీదికి వచ్చేసరికి తల్లి ఇంట్లో అన్నం తిని గిన్నెలు సర్దేసి ఉంటుంది.

అన్నింటికన్నా ఎక్కువమందిని బోల్తా కొట్టించేది మరొకటి. అర్ధరాత్రి విమానం! గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రిపూటే. టికెట్ మీద ‘15వ తేదీ, 00.40’ అని ఉంటుంది. 15వ తేదీ సాయంత్రం అన్నం తిని బయల్దేరదామనుకుంటారు. అప్పటికి విమానం పోయి పద్దెనిమిది గంటలు దాటి ఉంటుంది! ఆ విమానానికి ఇంట్లోంచి కదలాల్సింది 14వ తేదీ సాయంత్రమే. టికెట్ చేతికి రాగానే తేదీ కింద ‘ఫలానా రోజు రాత్రి’ అని తెలుగులో రాసి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

బొంబాయి రైలు నుంచి శంషాబాద్ దాకా

బోధన్ ఒకప్పుడు మనుషుల్ని పంపిన ఊరు కాదు. రప్పించుకున్న ఊరు. మంజీరపై నిజాంసాగర్ కట్టడం 1931 నాటికి పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు పెరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారమని పేరు. క్రషింగ్ కాలం వస్తే ఎడ్లబండ్ల వరసలు, ఫ్యాక్టరీ సైరన్, బెల్లపు వాసన లాంటి తియ్యటి గాలి... పక్క జిల్లాల నుంచీ, మరాఠ్వాడా నుంచీ పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చేవారు.

1970లలో గల్ఫ్‌లో చమురు డబ్బు పారడం మొదలయ్యాక దారి తిరగబడింది. ఆర్మూర్, బాల్కొండ, కమ్మర్‌పల్లి, మోర్తాడ్, బోధన్... ఊరు ఊరంతా ‘దుబాయ్’ మాట వినబడింది. మస్కట్ పోయినా, కువైట్ పోయినా ఊళ్లో మాత్రం ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. 2002లో షుగర్ ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించడంతో గానుగ ఆగిపోయింది. చెరకు మీద బతికిన ఇళ్లకు మిగిలిన దారుల్లో గల్ఫ్ దారి ఒకటి.

మొదటి తరం వాళ్లకు దుబాయ్ దారంటే బొంబాయి దారే. నిజామాబాద్ నుంచి మన్మాడ్ దాకా చిన్న పట్టాల రైలు. అక్కడ దిగి బొంబాయి రైలు. బొంబాయిలో లాడ్జి. ఏజెంటు ‘రేపు’ అంటే రేపు, ‘వచ్చే వారం’ అంటే వచ్చే వారం. గ్లోబు మీద చూస్తే వాళ్లు దారి తప్పలేదు. బొంబాయి దాదాపు దుబాయ్ దారిలోనే ఉందని పైన చూశాం కదా! కానీ కొద్ది గంటల విమానం కోసం వారాలు పోయేవి.

తర్వాత బేగంపేట నుంచే గల్ఫ్ విమానాలు పెరిగాయి. అది నిజామాబాద్ వాళ్లకు బాగా కలిసొచ్చింది. మేడ్చల్ దాటి సికింద్రాబాద్‌లో అడుగు పెడితే విమానాశ్రయం వచ్చేసినట్టే. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికే మారాయి. కొత్త విమానాశ్రయం పెద్దది, విమానాలూ ఎక్కువే. కాకపోతే ఉత్తరం నుంచి వచ్చేవాళ్లు నగరం మొత్తం దాటి దక్షిణపు కొసకు పోవాల్సి వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు, నాలుగు వరసల జాతీయ రహదారి పూర్తయ్యాక కొంత తెరిపి దొరికింది. జక్రాన్‌పల్లి దగ్గర విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా వినబడుతూనే ఉంది. దాని కబురు వచ్చినప్పుడల్లా జిల్లా పేపర్లో మొదట చదివేది గల్ఫ్ ఇళ్ల వాళ్లే.

ఇప్పుడు బోధన్ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. విమానం తెల్లవారుజామున నాలుగింటికి అనుకుందాం. మూడు గంటల ముందు, అంటే ఒంటిగంటకు శంషాబాద్‌లో ఉండాలి. బోధన్ నుంచి రోడ్డు మీద నాలుగున్నర గంటలు. కామారెడ్డిలో ఓ టీ, తూప్రాన్ దాటాక ఓ టైరు పంక్చరు అనుకుంటే ఐదు గంటలు. కాబట్టి రాత్రి ఎనిమిదింటికే ఇల్లు కదలాలి. కిరాయి బండిలో అమ్మ, భార్య, పిల్లలు, బామ్మర్ది... సాగనంపడానికి పదిమంది! నాలుగింటికి ఎగిరిన విమానం మన టైములో ఎనిమిదింటికి, దుబాయ్ టైములో ఆరున్నరకు దిగుతుంది. ఇమ్మిగ్రేషన్, సామాను, కంపెనీ బస్సు అయ్యి క్యాంపు చేరేసరికి అక్కడ తొమ్మిది, ఇక్కడ పదిన్నర.

ఇంటి నుంచి క్యాంపుకి మొత్తం పద్నాలుగున్నర గంటలు. అందులో విమానం నాలుగు గంటలు. మిగతా పదిన్నర గంటలూ నేల మీదే!

పటంలో లేని దూరం

ఇంతవరకు చెప్పుకున్నది అన్నీ సవ్యంగా ఉన్న ప్రయాణం. చేతిలో పాస్‌పోర్టు, జేబులో టికెట్, సెలవు ఇచ్చిన కంపెనీ. ఇవి లేకపోతే 2,550 కిలోమీటర్లకు అర్థమే మారిపోతుంది.

కార్మికుల పాస్‌పోర్టులు యజమానులు తమ దగ్గర పెట్టుకోకూడదని గల్ఫ్ దేశాల్లోనూ నిబంధనలున్నాయి. అయినా ‘భద్రంగా ఉంటాయి’ అంటూ ఆఫీసు బీరువాలో పెట్టే అలవాటు చాలా చోట్ల పోలేదు. అర్ధరాత్రి ఇంటి నుంచి కబురు వస్తే బీరువా తెరిచేది పొద్దున ఆఫీసు తెరిచాకే. ఒకప్పుడు ఖతార్ నుంచి బయటికి రావాలంటే యజమాని అనుమతి పత్రం తప్పనిసరి. 2018లో ఎక్కువమంది కార్మికులకు, 2020లో ఇంటి పనివారికీ దాన్ని ఎత్తేశారు. సౌదీలో 2021 మార్చి నుంచి చాలామందికి ఈ నిబంధన సడలింది. ఇంటి పనివారి లాంటి వారిని మాత్రం ఆ సంస్కరణ వదిలేసింది. చట్టం మారితే విమానం వేగం పెరగదు. కానీ ఇల్లు దగ్గరవుతుంది.

వీసా గడువు దాటి, కంపెనీ వదిలేసి దొరికిన పని చేసుకునేవాళ్ల సంగతి ఇంకా కష్టం. గల్ఫ్ తెలుగులో వాళ్లకు ‘ఖల్లివల్లి’ అని పేరు. వాళ్లకు టికెట్ కొనుక్కునే డబ్బున్నా విమానం ఎక్కే దారి ఉండదు. జరిమానాలు కట్టాలి, ఔట్‌పాస్ తెచ్చుకోవాలి. లేదంటే అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించేదాకా ఆగాలి. యూఏఈ 2018లో అలాంటి అవకాశం ఇచ్చినప్పుడు ఏళ్ల తర్వాత ఇల్లు చూసినవాళ్లున్నారు. వాళ్లకు ఆ నాలుగు గంటల దూరం నాలుగేళ్లు, ఎనిమిదేళ్లు పట్టింది.

కొన్నిసార్లు ఎవరి తప్పూ లేకుండానే దారి మూసుకుపోతుంది. కరోనా వేళ 2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మే 7న వందేభారత్ విమానాలు మొదలయ్యేదాకా దారే లేదు. మామూలు సర్వీసులు మళ్లీ పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో రికార్డు వాన కురిసి రన్‌వేలు చెరువులయ్యాయి. కుదుటపడటానికి రోజులు పట్టింది. 2025 జూన్ 23న ఉద్రిక్తతల నడుమ ఖతార్ కొన్ని గంటలు గగనతలం మూసేస్తే గాల్లో ఉన్న విమానాలు దారి మళ్లాయి. దూరం మాత్రం ఎప్పుడూ ఒక్క కిలోమీటరు పెరగలేదు!

అన్నింటికన్నా బరువైన ప్రయాణం ఒకటుంది. అక్కడే కన్నుమూసినవాళ్లది. ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, మరణ ధ్రువపత్రం, వీసా రద్దు, మన కాన్సులేట్ అనుమతి, ఆ తర్వాత కార్గో. బతికున్న మనిషికి నాలుగు గంటలు పట్టే దారి చనిపోయిన మనిషికి రోజులు, వారాలు పడుతుంది. శంషాబాద్ నుంచి సొంతూరికి ప్రభుత్వం ఉచితంగా అంబులెన్స్ సమకూర్చే ఏర్పాటు ఉంది. ఇలాంటి వేళ సాయం కోసం విదేశాంగ శాఖ 2015లో ‘మదద్’ అనే ఆన్‌లైన్ సదుపాయం పెట్టింది. ఈ రెండు సంగతులూ గల్ఫ్ మనిషి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

ఇంట్లో రాసిపెట్టుకునే లెక్క

ఆపద వేళ లెక్కలు తోచవు. అందుకే ముందే ఓ కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ తెలిసేలా పెట్టుకోవడం మంచిది. మనిషి పాస్‌పోర్టు నంబరు, వీసా గడువు తేదీ. కంపెనీ పేరు, ఆఫీసు ఫోన్. పక్క గదిలో ఉండే ఇంకో మనిషి నంబరు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందన్న సంగతి. అక్కడి నుంచి రోజుకు ఏయే వేళల్లో హైదరాబాద్ విమానాలున్నాయి అన్నది. అత్యవసరంగా టికెట్‌కు పక్కన పెట్టుకున్న కొంత డబ్బు. ఆఖరి నిమిషం టికెట్ మామూలు ధర కన్నా ఎన్నో రెట్లు ఉండొచ్చు. దూరం పెరిగిందని కాదు, సీట్లు తగ్గాయని!

ఇక లెక్క వేసే పద్ధతి. ముందు ‘మనిషి చేతికి పాస్‌పోర్టు ఎప్పుడొస్తుంది’ నుంచి మొదలుపెట్టాలి. దానికి విమానాశ్రయం చేరే వేళ, విమానం కోసం ఆగే వేళ, విమానం గంటలు కలపాలి. గడియారం తేడా కలపాలి. బయటికి రావడానికి ఓ గంట. చివర శంషాబాద్ నుంచి ఇంటి దాకా రోడ్డు. ఈ వరసలో ఏ ఒక్కటి వదిలేసినా జవాబు తప్పుతుంది.

ఆ పల్లెలో మనవరాలు చేసింది సరిగ్గా ఇదే. తాత పోయింది ఐదింటికి. అప్పుడు దుబాయ్‌లో మూడున్నర. నాన్న పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉంది. ఆఫీసు తెరిచేది అక్కడి ఎనిమిదింటికి. సంతకాలు, సెలవు అయ్యేసరికి పది. దొరికిన విమానం మధ్యాహ్నం ఒకటింబావుకు. గాలి తోడొస్తుంది గనక మూడు గంటల ఇరవై నిమిషాలు. దిగేసరికి అక్కడి లెక్కన నాలుగు ముప్పై అయిదు, మన లెక్కన సాయంత్రం ఆరు దాటుతుంది. బయటికొచ్చేసరికి ఏడు. రోడ్డు మీద ఐదు గంటలు. ఊరు చేరేసరికి రాత్రి పన్నెండు.

కాగితం పెద్దల చేతులు మారింది. ఒకాయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాడు. ఫోన్‌లో చూసిన మూడున్నర గంటలే నమ్మి ఉంటే ఏమయ్యేది? మధ్యాహ్నం నుంచి ఎదురుచూపులు మొదలయ్యేవి. మూడింటికి విసుగు. నాలుగింటికి ‘ఇంక వస్తడో రాడో’ అనే మాట. చుట్టాలకు తిరిగి పోయే తొందర. పొద్దు గూకే వేళకు ఎవరో ఒకరు ‘ఎత్తుదాం’ అనేవారు. ఆరింటికి శంషాబాద్‌లో దిగిన కొడుకు ఫోన్‌లో చూడాల్సింది చితిమంట! గల్ఫ్ ఇళ్లలో ఇలా జరగనిదేమీ కాదు. వీడియో కాల్‌లో తండ్రికి దండం పెట్టుకున్న కొడుకులు ఎందరో ఉన్నారు.

ఇక్కడ అలా జరగలేదు. ఎప్పుడొస్తాడో తెలియనప్పుడు ఆగడం కష్టం. ఫలానా వేళకు వస్తాడని తెలిస్తే ఆగడం తేలిక.

పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

‘‘బోధన్ నుంచి ఐసు పెట్టె తెప్పియ్యుండ్రి. పొద్దుగాల ఎత్తుదాం. పోరడు రానీ’’ అన్నాడు.